నత్త పలికే సాక్ష్యం

శ్రీకాకుళం జిల్లా అక్కుపల్లి తీరంలో కెరటం వెనక్కి తగ్గాక తడి ఇసుకలో మిగిలే నత్తగుల్లలను ఏరి పిల్లల చేతుల్లో పెడతాం. ఆ గుల్లలో బతికే జీవి సముద్రంలోని విషాన్ని తన ఒంటి మీదే చూపిస్తుంది. ఓడల అడుగుకు నాచు, గుల్లలు పట్టకుండా 1960ల నుంచి వేసిన రంగుల్లో ట్రైబ్యూటైల్ టిన్ అనే తగరపు రసాయనం ఉండేది. 1970లో ఇంగ్లండులోని ప్లిమత్ దగ్గర ఆడనత్తలకు మగ అవయవం మొలవడం గమనించారు. కారణం ఆ రంగేనని 1980లలో తేలింది. గుల్ల తీసి చూస్తే కుడి మీసం వెనక చిటికెన వేలు ఆకారంలో చిన్న మొలక కనిపిస్తుంది. అది ముదిరితే గుడ్లు బయటికొచ్చే దారి మూసుకుపోతుంది. గుడ్ల సంచులు లోపలే పేరుకుపోయి తల్లినత్త చచ్చిపోతుంది. ఒక్క గ్రాము తగరం ఈ రూపంలో వంద కోట్ల లీటర్ల నీళ్లలో కలిసినా చాలు, ఈ మార్పు మొదలవుతుంది!

నత్తలు పోతే మత్స్యకారుడికి ఏం నష్టమని అడగవచ్చు. ఫ్రాన్సులోని ఆర్కషాన్ అఖాతంలో ఇదే రసాయనం వల్ల ఆయిస్టర్ల పిల్లలు బతకలేదు, పెద్దవాటి చిప్పలు వికారంగా మందమెక్కాయి, పెంపకందారులు కుదేలయ్యారు. అందుకే 1982లో అక్కడ చిన్న పడవలకు ఆ రంగు ఆపేశారు. ఈ రంగును నిషేధిస్తూ 2001లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం 2008లో అమలుకొచ్చింది కదా, ఇంకా భయమెందుకన్నది రెండో ప్రశ్న, న్యాయమైనదే. నిషేధించాక చాలాచోట్ల నత్తలు కోలుకున్నాయి కూడా. కానీ రేవుల అడుగు బురదలో ఈ విషం ఏళ్ల తరబడి నిలుస్తుంది, తవ్వితే మళ్లీ లేస్తుంది. తగరానికి బదులు వచ్చిన రంగుల్లో ఒక మందును, సైబుట్రిన్‌ను, 2023 నుంచి నిషేధించాల్సి వచ్చింది.

మా అక్కుపల్లి ఉన్న ఉద్దానం ప్రాంతపు మత్స్యకారులు పడవను ఒడ్డుకు లాగి ఇసుక మీద ఆరనిస్తారు. ఎండిన పడవకు నాచు పట్టదు, కాబట్టి అలాంటి రంగులతో వాళ్లకు పని లేదు. నెలల తరబడి నీళ్లలోనే ఉండే ఓడలకే అవి కావాలి. ఇదే తీరంలో మూలపేట ఓడరేవుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. రేవు వద్దని నా వాదన కాదు. ఓడల రాకపోకలు పెరగకముందే ఈ తీరపు నత్తల్లో ఆడవెన్ని, వాటిలో ఆ మొలక ఉన్నవెన్ని అని లెక్క రాసిపెట్టుకోవాలి. ఒక భూతద్దం, ఒక స్కేలు, ఓపికగా చూసే మనుషులు చాలు. పాత లెక్క చేతిలో లేకపోతే రేపు నత్తలో మార్పు కనిపించినా, అది ముందు నుంచీ ఉన్నదేనని ఎవరైనా అనగలరు.