రాయి చెప్పినంతే వ్రాశాము



మాలో ఒకరిది మేడ్చల్, ఒకరిది శామీర్‌పేట. వివాహమైన తరువాత చరిత్రలో ఎం.ఏ. పట్టమునకై, మధ్యయుగపు తెలుగుదేశములోని చెరువులను గూర్చి పరిశోధనా వ్యాసము వ్రాయ పూనుకొన్నాము. అట్టమీద పేరు ఒకరిదే. శాసనముల పాఠములు ఎత్తి వ్రాయుట, సరిచూచుట, పొద్దున్నే మేడ్చల్ స్టేషనులో రైలెక్కి సికింద్రాబాదు పోవుట మాత్రము ఇద్దరిదీ.

అంతకుముందు చెరువంటే ఒక కట్ట, ఒక తూము అనుకొనేవారము. చదివినకొలదీ మా అజ్ఞానము మాకు తెలిసింది. కాకతీయుల నాడు చెరువు కట్టించినవానికి, దాని క్రింద సాగయ్యే భూమిలో కొంత దశబంధమనే మాన్యముగా ఇచ్చేవారు. కడప సీమలోని పోరుమామిళ్ల శాసనము మమ్మును మిక్కిలి ఆకర్షించింది. విజయనగరపు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించిన చెరువును గూర్చి 1369లో చెక్కించిన శాసనమది. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసినట్లు అందులో ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగములనీ, చెడ్డ చెరువుకు ఆరు దోషములనీ లెక్క చెప్పింది. కట్ట ఊట కారుట, చవిటి నేల, రెండు రాజ్యముల పొలిమేరలో ఉండుట, నడుమ మెరక, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువగుట, ఆయకట్టు తక్కువై నీరు ఎక్కువగుట, ఇవే ఆ ఆరు.

ఫీజు కట్టలేక చదువు ఆగిపోయేటప్పుడు శామీర్‌పేట సంఘస్థులు చందా వేసుకొని మమ్మును ఆదుకున్నారు. వారి కోరిక ఒక్కటే, మన ఊరి చెరువు ఆ పుస్తకములో ఉండాలని. "అది కాకతీయులదే బిడ్డా, మా తాత చెప్పిండు" అన్నారు ఒక పెద్దాయన. మాకూ అదే ఇష్టము. ఏకంగా ఒక అధ్యాయమే వ్రాశాము.

గైడుగారు అంతా చదివి, "శాసనమేది?" అని మాత్రము అడిగారు. కట్ట పొడుగునా తిరిగి రాళ్లు చూశాము. అచ్చయిన శాసన సంపుటములు తిరగవేశాము. ఆధారము దొరకలేదు. నిజాముల కాలములో కట్టించిన చెరువనియే గ్రంథములలో కనిపించింది.

"పెద్దలు చెప్పుకొందురు" అనే మాట చాటున ఆ అధ్యాయమును నిలుపుదామని మాలో ఒకరు, వద్దని ఒకరు. ఆ రాత్రి మాటకు మాట పెరిగింది. అన్నము పెట్టినవారి ఆశ ఒకవైపు, తొమ్మిదవ ఆజ్ఞ ఒకవైపు. తెల్లవారేసరికి ప్రార్థించి, ఆ కాగితములు తీసివేశాము.

ఆదివారము ఆరాధన ముగిసినాక సంగతి ఆ పెద్దాయనకు చెప్పాము. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఎవరు కట్టిస్తేంది బిడ్డా, నీళ్లు తాగింది మనమే గదా. ఉన్నదే రాయుండ్రి" అన్నారు. వ్యాసము అధ్యాయము తక్కువగానే వెళ్లింది, దేవుని కృపవలన అంగీకరింపబడింది.

ఈ నూరేండ్ల పండుగలో మన సంఘముల చరిత్ర వ్రాయు యౌవనులకు మా మనవి ఇదే. బాప్తిస్మపు రిజిస్టరు, కమిటీ మినిట్సు, సమాధిరాళ్లు ముందుగా చదవండి. తాతలు చెప్పినది కూడా తప్పక వ్రాయండి, అయితే తాతలు చెప్పినదని వ్రాయండి. మన పితరుల గౌరవమునకు ఉన్న సత్యమే చాలును.