కొత్త కారు, చేతిపని లోపాలు

పురుషోత్తంపూర్‌లో గాని, చుట్టుపక్కల పల్లెల్లో గాని ఒక ఇంటివారు కొత్త కారు కొన్నారంటే సాధారణంగా అది ఒక్కరి సంపాదన కాదు. సూరత్ మరమగ్గాల దగ్గర ఏళ్ల తరబడి నిలబడి పనిచేసిన కొడుకు పంపిన డబ్బు కొంత, తండ్రిగారి పింఛను కొంత, మిగిలినది బ్యాంకు అప్పు. బరంపురంలో తాళాలు అందుకుని, బండికి దండ వేయించుకుని, తిన్నగా ఋషికుల్య ఒడ్డున తారాతారిణి కొండకు తీసుకువెళ్లి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, పూజ చేయించుకుని ఇంటికి వస్తారు. ఆ సందడిలో బండిని తేరిపార చూసేవారెవరు? వారం తిరిగాక మొదటి వాన కురుస్తుంది. కాళ్ల దగ్గర నీళ్లు నిలుస్తాయి. ఎండలో చూస్తే ఒక తలుపు రంగు మిగతా బండి రంగుతో కలవదు. బ్రేకు వేసినప్పుడు ముందు చక్రం దగ్గర టక్కుమని చప్పుడు. షోరూముకు ఫోన్ చేస్తే "కొత్త బండి కదండీ, నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుంది" అని జవాబు.

చక్రం దగ్గర చప్పుడు దానంతటది సర్దుకోదు. నట్టు వదులుగా ఉంటే తిరిగేకొద్దీ ఇంకా వదులవుతుంది. ఆ చప్పుడు వినబడిన రోజున బండిని నడపకండి. షోరూము వారినే మెకానిక్కును మీ ఇంటికి పంపమనండి.

ఇప్పుడు ఒక తేడా మనవి చేస్తాను. మిగతా విషయమంతా దీనిమీదే ఆధారపడి ఉంది. కొత్త బండిలో కనిపించే లోపాలు రెండు రకాలు. ఒకటి కార్ఖానాలో పుట్టిన లోపం: ఇంజను, గేరుబాక్సు, పోతపోసిన భాగాలు, ఇలాంటివి. రెండోది కార్ఖానా గేటు దాటిన తరువాత, డీలరు దగ్గర, మనుషుల చేతిలో పుట్టిన లోపం. బండి లారీ మీద వందల మైళ్లు వస్తుంది. డీలరు యార్డులో వారాలు, ఒక్కోసారి నెలలు, ఎండకూ వానకూ నిలబడుతుంది. ఎక్కించేటప్పుడో దించేటప్పుడో ఎక్కడో గీసుకుంటుంది. యార్డులో నిలబడి బ్యాటరీ దిగిపోతుంది. ప్రయాణం కోసం టైర్లలో గాలి ఎక్కువ కొట్టి పంపుతారు. మీ చేతికి ఇచ్చే ముందు ఇవన్నీ సరిచూడవలసిన తనిఖీ ఒకటి ఉంది. దానికి అచ్చు వేసిన జాబితా ఉంటుంది. ఒక్కొక్క అంశం చూసి టిక్కు పెట్టాలి. నెలాఖరు అమ్మకాల హడావుడిలో బండి చూడకుండానే టిక్కులు పడిపోవడం జరుగుతూ ఉంటుంది. ఆ జాబితా నకలు మాకివ్వండి అని మనలో ఎంతమందిమి అడుగుతాం? అడగండి. అది ఇవ్వడానికి వెనుకాడితే మీకు సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది.

ఇక అదనపు సామాను బిగించే పని. అసలు నిర్లక్ష్యం ఎక్కువగా ఇక్కడే. వెనుక కెమెరా, పొగమంచు దీపాలు, పాటల పెట్టె, ఇవన్నీ షోరూము వెనకాల షెడ్డులో కుర్రవాళ్లు బిగిస్తారు. కంపెనీ వైరు మధ్యలో కోసి, కొత్త వైరు మెలిపెట్టి, పైన నల్ల టేపు చుట్టేస్తారు. ఫ్యూజు లేకుండా నేరుగా బ్యాటరీకి తగిలించిన వైరు ఒరుసుకుపోతే నిప్పు అంటుకుంటుంది. మరో తమాషా ఏమిటంటే, రేపు కరెంటు లోపం వచ్చి వారంటీ అడిగితే "వైరు కోశారు కాబట్టి వారంటీ వర్తించదు" అనేది కూడా ఆ షోరూము వారే కావచ్చు. అందుకని, బిగించే ప్రతి వస్తువుకూ ఆ షోరూము పేరుతోనే బిల్లు తీసుకోండి. "బయట కుర్రాడు బిగిస్తాడు, ఆయన చేతికే ఇచ్చేయండి" అంటే ఒప్పుకోవద్దు.

బండి అడుగున వేసే తుప్పు నిరోధక పూత సంగతి కూడా చెప్పాలి. మనది సముద్రం ఒడ్డు జిల్లా. హుమ్మా ఉప్పుమళ్ల మీదుగా, గోపాల్‌పూర్ మీదుగా వచ్చే గాలిలో ఉప్పు ఉంటుంది. కాబట్టి పూత మంచిదే. కాని తలుపుల అడుగున, గుమ్మాల అడుగున నీరు జారిపోవడానికి కంపెనీ చిన్న చిన్న రంధ్రాలు వదులుతుంది. తొందరలో వాటిమీద కూడా పూత కొట్టేస్తే నీరు లోపలే నిలిచి, పైకి కనపడకుండా లోపలినుంచి తుప్పు తినేస్తుంది. డబ్బిచ్చి తుప్పు కొనుక్కున్నట్టు అవుతుంది. పొగగొట్టం మీద పూత పడితే బండి వేడెక్కినప్పుడల్లా కాలిన వాసన వస్తుంది.

డెలివరీ పగటి వెలుతురులో తీసుకోండి. దీపాల కింద మెరిసే బండిలో రంగు తేడా కనిపించదు. ఏ భాగాన్నయినా విప్పి మళ్లీ బిగించారా అని తెలుసుకోవడానికి చిన్న ఉపాయం ఉంది. బానెట్టు కీళ్ల దగ్గర, ముందు మడ్‌గార్డుల దగ్గర ఉన్న బోల్టులు చూడండి. కార్ఖానా రంగు చెక్కుచెదరకుండా ఉండాలి. స్పానరు పట్టిన గీత కనిపిస్తే ఎందుకు విప్పారని అడగాలి. రబ్బరు పట్టీల అంచున రంగు తుంపరలు ఉంటే అక్కడ తిరిగి రంగు వేశారనే అనుమానించాలి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2324 అని ఉంటే అది 2024లో 23వ వారంలో తయారైన టైరు. అమ్మకపు పత్రం, అంటే ఫారం 21లో, బండి తయారైన నెల, సంవత్సరం, చాసిస్ నంబరు, ఇంజను నంబరు రాస్తారు. వాటిని బండి మీద ఉన్న వాటితో పోల్చండి. కిలోమీటర్ల మీటరు కూడా చూడండి.

ఇది చాదస్తం అనిపించవచ్చు. గోవాలో ఒక కొనుగోలుదారు 2011లో ఆ ఏటి కారుకని డబ్బు కట్టారు. డీలరు ఇచ్చినది 2009లో తయారైనది. అప్పటికే 622 కిలోమీటర్లు తిరిగి ఉంది, అడుగున తుప్పు పట్టి ఉంది. జిల్లా ఫోరం నుంచి జాతీయ కమిషన్ దాకా ఆయనే గెలిచారు. డీలరుతో పాటు తయారీదారు టాటా మోటార్స్ కూడా బాధ్యులేనని అవి తీర్పు చెప్పాయి. కాని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తయారీదారును తప్పించింది. డీలరు చేసిన పని కంపెనీకి తెలుసునని రుజువు లేనప్పుడు, వారిద్దరి మధ్య ఒప్పందం యజమానికి, యజమానికి మధ్య జరిగే సరుకు అమ్మకం లాంటిది అయినప్పుడు, ఆ తప్పుకు కంపెనీని పట్టుకోలేమన్నది. డీలరు బాధ్యత అలాగే నిలిచింది. నేను మొదట రెండు రకాల లోపాలని విడదీసింది ఇందుకే. ఫిర్యాదులో డీలరునూ కంపెనీనీ ఇద్దరినీ చేర్చవచ్చు, చేర్చాలి కూడా. కాని ఏ లోపం ఎవరి చేతిలో పుట్టిందో విడివిడిగా రాయకపోతే చివరికి నష్టపోయేది మనమే.

లోపం కనబడింది. ఇప్పుడేం చేయాలి? మొట్టమొదట నోటి మాట మానేయండి. మనవాళ్లకు ఇది కష్టం. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, కాగితాల మీద ఇంగ్లీషు. అందుకని మనం గట్టిగా మాట్లాడి వచ్చేస్తాం, కాగితం మాత్రం వాళ్లే రాస్తారు. బండి షోరూములో అప్పగించగానే జాబ్ కార్డు రాస్తారు కదా, అందులో మీ మాటల్లోనే ఫిర్యాదు రాయించండి. "వాషింగు, సాధారణ తనిఖీ" అని రాసి సంతకం పెట్టమంటే పెట్టకండి. "ఎడమ ముందు తలుపు కింద నీరు కారుతున్నది, రెండోసారి తెచ్చాను" అని ఉండాలి. బండి తిరిగి తీసుకునేటప్పుడు "తృప్తిగా స్వీకరించాను" అన్న చోట, పని సరిగా కాకపోతే, "లోపం సవరించలేదు" అని రాసి తేదీ వేయండి. ఒడియాలో రాసినా చాలు, తెలుగులో రాసినా చాలు. ప్రతిసారీ నకలు ఇంటికి రావాలి. బ్రేకు, స్టీరింగు, చక్రాల లోపాలయితే అదే రోజున కంపెనీ కస్టమర్ విభాగానికి కూడా రాతపూర్వకంగా తెలియజేయండి.

కోర్టుకు వెళ్లేముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. నంబరు 1915. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. అక్కడ తీర్పులు ఇవ్వరు. ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రాబడతారు. షోరూములో సర్దుకుంటుందిలెమ్మన్న పని పైనుంచి ఉత్తరం వస్తే చకచకా జరగడం కద్దు.

అది కూడా ఫలించకపోతే జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్. సరిహద్దు జిల్లావారికి ఇక్కడ ఒక గొప్ప మేలు జరిగింది. 1986 నాటి చట్టం ప్రకారం ఎదుటి పక్షం ఉన్నచోట గాని, వ్యవహారం జరిగినచోట గాని ఫిర్యాదు చేయాలి. విశాఖపట్నంలో కారు కొన్న పురుషోత్తంపూర్ మనిషి వాయిదా వాయిదాకూ విశాఖ రైలెక్కవలసి వచ్చేది. 2020 జులైలో అమలులోకి వచ్చిన 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివాసం ఉన్నచోట, లేదా పనిచేసే చోటనే దాఖలు చేయవచ్చు. శ్రీకాకుళంలో కొన్నా విశాఖలో కొన్నా గంజాం జిల్లా కమిషన్ ముందుకే ఎదుటివారిని రప్పించవచ్చు. మీరు చెల్లించిన ధర 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్ చాలు. రుసుము చూస్తే ఆశ్చర్యపోతారు. 5 లక్షల వరకు ఏమీ లేదు. 5 నుంచి 10 లక్షల దాకా 200 రూపాయలు, 20 లక్షల దాకా 400 రూపాయలు. వకీలు తప్పనిసరి కాదు. గడువు మాత్రం లోపం బయటపడి వివాదం మొదలైన నాటినుంచి రెండేళ్లు. "చూద్దాం, చేద్దాం" అని షోరూము చుట్టూ తిరుగుతూ ఆ రెండేళ్లూ పోగొట్టుకోకండి.

కారును అద్దెకు తిప్పేవారికి ఒక సందేహం వస్తుంది. వ్యాపారానికి కొన్న వస్తువుకు ఈ చట్టం వర్తించదు కదా అని. తన బతుకుతెరువు కోసం తానే నడుపుకునే స్వయం ఉపాధి మనిషి వినియోగదారే. పది కార్లు కొని డ్రైవర్లను పెట్టి నడిపించేవారి సంగతి వేరు.

ఏం కోరాలి అన్నది చాలామంది తప్పటడుగు వేసే చోటు. తలుపు రంగు తేడాకు కారు మొత్తం మార్చమంటే కమిషన్ ఒప్పుకోదు. మారుతి కంపెనీ కేసులో 2006లో సుప్రీంకోర్టు, వారంటీ లోపభూయిష్టమైన భాగం మార్చడానికి, బాగుచేయడానికి ఉన్నప్పుడు కారు మొత్తం మార్చమని ఆదేశించడం సరికాదన్నది. అమెరికా రాష్ట్రాల్లో పదేపదే చెడిపోయే కొత్త బండిని కంపెనీ తిరిగి తీసుకోవాలనే ప్రత్యేక చట్టాలున్నాయి. 1982లో కనెక్టికట్ రాష్ట్రం మొదలుపెట్టింది. మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. కాబట్టి మెట్లు మెట్లుగా కోరాలి. మొదట ఫలానా లోపం కంపెనీ ఖర్చుతో సవరించాలి, సవరణకు రాకపోతే భాగం మార్చాలి, అదీ కాకపోతే విలువ తగ్గినందుకు ఇంత సొమ్ము, తిరిగిన ఖర్చులు, మనోవేదనకు ఇంత అని రాయాలి.

అమెరికాలోనే రంగు గురించి ఒక పెద్ద కేసు నడిచింది. అలబామాలో ఒక వైద్యుడు 1990లో కొత్త బీఎండబ్ల్యూ కారు కొన్నారు. రవాణాలో పాడైన రంగును మళ్లీ వేసి, ఆ సంగతి చెప్పకుండా అమ్మారు. మరమ్మతు ఖర్చు 601 డాలర్లు. ధరలో 3 శాతానికి మించని మరమ్మతు అయితే చెప్పనక్కరలేదన్నది కంపెనీ విధానం. జూరీ నష్టపరిహారం కింద 4 వేల డాలర్లు, శిక్షగా 40 లక్షల డాలర్లు వేసింది. అలబామా సుప్రీంకోర్టు శిక్షను 20 లక్షలకు తగ్గించింది. 1996లో అమెరికా సుప్రీంకోర్టు అదికూడా మరీ ఎక్కువని కొట్టివేసింది. చివరికి శిక్ష సొమ్ము 50 వేల డాలర్ల దగ్గర ఆగింది.

మన హైదరాబాదు కేసు కూడా వినండి. ఒక సంస్థ 2009 సెప్టెంబరు 25న బీఎండబ్ల్యూ కారు కొన్నది. నాలుగో రోజునే లోపం కనబడింది, నవంబరులో మళ్లీ అదే. ఆ సంస్థ మోసం కేసు పెట్టింది. 2012లో హైకోర్టు క్రిమినల్ కేసు కొట్టివేస్తూ కొత్త కారు ఇమ్మన్నది. కంపెనీ ఇస్తామన్నది. ఫిర్యాదుదారు తీసుకోలేదు, డబ్బు కావాలన్నారు. 2024 జులై 10న సుప్రీంకోర్టు 50 లక్షల రూపాయలు చెల్లించమని చెప్పి వివాదం ముగించింది. కొన్ననాటి నుంచి దాదాపు పదిహేనేళ్లు. 50 లక్షలు చిన్న మొత్తం కాదు నిజమే. కాని పదిహేనేళ్లు వేచి ఉండే స్తోమత ఆ సంస్థకు ఉంది. బ్యాంకు వాయిదాలు కట్టుకునే పురుషోత్తంపూర్ కుటుంబానికి 2012లో ఇస్తామన్న కారే మేలని నా అభిప్రాయం. నిప్పు, బ్రేకు లాంటి అపాయం వల్ల మనిషికి దెబ్బ తగిలితే తప్ప పోలీసు కేసు తోవ పట్టకపోవడమే నయమనిపిస్తుంది.

కమిషన్‌లో లోపం కంటితో చూసి తేలనిదైతే నిపుణుడి పరీక్షకు, ప్రయోగశాలకు పంపే అధికారం ఉంది. ఎదుటివారు 30 రోజుల్లో, మహా అయితే మరో 15 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. ఆ 45 రోజులు దాటితే జవాబు చెల్లదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కాబట్టి తేదీలు మీరే లెక్కపెట్టుకోండి. పరీక్ష అయ్యేవరకు లోపమున్న భాగాన్ని బయటి మెకానిక్కుతో విప్పించవద్దు. అలా విప్పిస్తే లోపం ఎవరిదన్న వాదన మొదటికి వస్తుంది.

ఫిర్యాదు కంప్యూటరు ద్వారా కూడా పంపవచ్చు. ఈ-దాఖిల్ 2020లో మొదలైంది, 2025 జనవరి నుంచి ఈ-జాగృతి అన్న పేరుతో కొత్త ఏర్పాటు ఉంది. విచారణకు వీడియో ద్వారా హాజరుకావడానికి దరఖాస్తు పెట్టుకునే వీలు చట్టంలోనే ఉంది. ఫిర్యాదుకు జతచేయవలసినవి ఇన్‌వాయిస్, ఫారం 21, వారంటీ పుస్తకం, జాబ్ కార్డుల నకళ్లు, మీరు రాసిన ఉత్తరాలు, అవి అందినట్టు రశీదులు. ఉత్తరం చేతికిస్తే నకలు మీద షోరూము ముద్ర, తేదీ వేయించుకోవాలి. ముద్ర వేయమంటే ఆ తిన్నగా పోస్టాఫీసుకు వెళ్లి రిజిస్టరు చేయండి.