సముద్రముమీది గ్యాసు బావులు - మన యువకుల క్షేమము

(సంఘ సభయందు చేసిన ఉపన్యాసము)



బొగ్గుగనుల ఊరిలో కూర్చుండి సముద్రములోని బావులను గూర్చి మాటలాడుట కొందరికి వింతగా తోచవచ్చును. మన తాతలు కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములనుండి నదులు దాటి వచ్చి బల్లార్పూరు, ఘుగ్గుసు గనులలో దిగిరి. నేడు వారి మనుమలు కొందరు వెల్డింగు, ఫిట్టరు పనులు నేర్చి, ముంబాయి గుత్తేదారుల ద్వారమున సముద్రముమీది వేదికలకు పోవుచున్నారు. జీతము మంచిదే. కాదనము. కాని ఆ పని యెట్టిదో ఇంటివారికి తెలియవలెను గదా.

గనిలో మనవారు భయపడు మీథేను వాయువే అక్కడ సరకు. బావి త్రవ్వునపుడు బరువైన బురద ద్రవమును గొట్టముగుండ లోనికి పంపుచుందురు. దాని బరువే అడుగునున్న గ్యాసును అణచి యుంచును. ఆ బరువు చాలకున్నను, గ్యాసు ఎగదన్నుటను కనిపెట్టుటలో ఆలస్యమైనను ప్రమాదమే. అప్పుడు బావి నోరు మూయుటకు ఉక్కు కవాటముల దొంతర కలదు. బావి అదుపు తప్పినచో ఏమగునో మన తెలుగునేల చూచినది. 1995 జనవరి 8న కోనసీమలోని పాసర్లపూడి బావినుండి ఎగసిన మంట 65 దినములు ఆరలేదు. అది నేలమీది బావి. చుట్టుపట్ల గ్రామములవారు పిల్లాపాపలతో దూరము పోగలిగిరి. నడిసముద్రమున పోవుటకు చోటేది?

2005 జూలై 27న ముంబాయి తీరమునకు సుమారు 160 కిలోమీటర్ల దూరమున, బొంబాయి హై ఉత్తర వేదికవద్ద జరిగినది వినుడు. ‘సముద్ర సురక్ష’ యను సహాయక నౌకలో ఒక వంటవాని వ్రేళ్లు తెగినవి. వర్షాకాలపు గాలులవలన హెలికాప్టరు ఎగురు వీలు లేదు. అతనిని క్రేనుతో వేదికమీదికి ఎక్కింపదలచి, నౌకను గాలి తాకిడి గల వైపున వేదికను సమీపింపజేసిరి. అలలు నౌకను ఎత్తి, గ్యాసు మోయు నిలువు గొట్టములపై కొట్టినవి. గొట్టము పగిలినది, గ్యాసు అంటుకొన్నది. రెండు గంటలలో అంతటి ఉక్కు కట్టడము సముద్రములో కూలిపోయెను. 384 మందిలో 362 మంది బయటపడిరి, 22 మంది పోయిరి. తెగిన వ్రేళ్లకు మందు వేయబోయి వేదికనే పోగొట్టుకొనుట! నౌక పేరు ‘సురక్ష’ యని కూడ గమనింపుడు. ఓడ తగులగల చోట గ్యాసు గొట్టమునకు గట్టి కంచె లేకుండుటయే మా దృష్టిలో అసలు లోపము. అలలను ఎవరును ఆపజాలరు, కంచెను కట్టవచ్చును.

స్కాట్లండు తీరమునకు ఆవల ఉత్తర సముద్రమున 1988 జూలై 6న ‘పైపర్ ఆల్ఫా’ వేదిక ప్రమాదమున 167 మంది మరణించిరి. మరమ్మతునకై రక్షణ కవాటము తీసిన పంపును రాత్రి వంతువారు నడిపిరి. తీసిన సంగతి వ్రాసిన కాగితము వారికి అందలేదు. మనవారికి ఇది సులభముగా బోధపడును. గనిలో దీపపు గది చిట్టాయు, బిళ్లయు లేక ఎవరైనను దిగుదురా?

2021 మే 17న తౌక్తే తుఫానులో ‘పి-305’ అను బార్జి మునిగినది. దానిమీద 261 మంది యుండిరి. డెబ్బదిమందివరకు తిరిగి రాలేదు. తుఫాను హెచ్చరిక ముందుగానే వచ్చియుండెను. ముంబాయి ఆసుపత్రిలో కొన్ని శవములను గుర్తించుటకు రక్తసంబంధికుల నమూనాలు తీసి పరీక్షింపవలసి వచ్చెను. ఆ కుటుంబముల స్థితి ఊహించుకొనుడు.

సముద్ర చమురు పనులకు ప్రత్యేక రక్షణ నిబంధనలు 2008లో వచ్చినవి. నిబంధన పుస్తకములో నున్నంత మాత్రమున గుత్తేదారుని మనిషికి అందదు. మేము వర్తకులము, రశీదు లేక ఒక బస్తానైనను లారీ కెక్కింపము. కొడుకును మాత్రము ఎవరో ఏజంటు ఫోను నంబరు నమ్మి పంపువారు మనలో కలరు.

కావున పంపుటకు ముందు అడుగుడు. నీటిలో తలక్రిందులైన హెలికాప్టరునుండి బయటపడుట, నిప్పునార్పుట, ప్రాణరక్షక నావ నెక్కుట నేర్పిరా? గోవాలోని బేతుల్ వద్ద ఓ.ఎన్.జి.సి. వారి శిక్షణ సంస్థ కలదు. అట్టి చోట పొందిన పత్రమును మీ కన్నులతో చూడుడు. గుత్తేదారుడెవరు, అతని పైని అసలు సంస్థ యేది? ఈ రెండు పేర్లును కాగితముపై నుండవలెను. గుత్తేదారుడు తప్పించుకొన్నచో అసలు యజమానిని నష్టపరిహార మడుగవచ్చునను సూత్రము 1923 నాటి చట్టమునుండి యున్నదే. పేరు తెలియనివాని నెట్లు అడుగుదుము? భీమా యెవరి పేర వ్రాసిరి? వివాహమైన తరువాత మార్చిరా? ఆడువారు ఈ ప్రశ్న అడుగుటకు సంకోచింపవలదు.

వచ్చు ఆదివారమునుండి సంఘ కార్యాలయమున ఒక చిట్టా తెరువబడును. సముద్రపు పనికి పోయిన ప్రతివాని పేరు, ఛాయాచిత్రము, గుత్తేదారుని పేరు, నౌక లేక వేదిక పేరు, ఇంటి ఫోను నంబరు అందులో వ్రాయబడును. రుసుము లేదు. ఇప్పటికే పనిలో నున్నవారి తల్లిదండ్రులు మొదట రావలెను. కాగితములు మరాఠీలోనో ఇంగ్లీషులోనో యున్నచో చదివి చెప్పుటకు ఇద్దరు యువకులు సాయంత్రము ఆరు గంటలనుండి అక్కడ కూర్చుందురు.