పింఛను వచ్చే ఇంట్లో మార్పు వస్తే దాచొద్దు

(అనుమసముద్రంపేట మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం నాయకురాలు చేసిన ప్రసంగం)

 

పోయిన మహాసభలో నేను బ్యాంకు లింకేజీ లెక్కలు చదివాను. ఈసారి వికలాంగుల పింఛను గురించి మాట్లాడమన్నారు. లెక్కలు చదవడం తేలిక. ఇది తేలిక కాదు. మా ఇంట్లో జరిగింది చెప్పకుండా దీని గురించి మాట్లాడితే అబద్ధం చెప్పినట్టే. అందుకని ముందు మా వాణ్ని అడిగాను, "సభలో చెప్పేదా నాయనా" అని. "చెప్పమ్మా, ఇంకో ఇంట్లో అట్టా జరగకుండా ఉంటుంది" అన్నాడు. అందుకే చెబుతున్నాను.

మా పెద్దోడు ఆత్మకూరు నుంచి వస్తా బండి మీద నుంచి పడ్డాడు. కాలు విరిగింది, రాడ్డు వేశారు. ఏడాదైనా కర్ర లేకుండా అడుగు పడలేదు. సదరం క్యాంపుకు తీసుకుపోయాం. 50 శాతం అని, తాత్కాలికం అని రాసి సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ "తాత్కాలికం" అనే మాట అప్పుడు నేను చదవను కూడా లేదు. 40 శాతం దాటిందా లేదా అనే చూశాను. పింఛను వచ్చింది. మొదట 3,000 రూపాయలు. 2024 జూలై నుంచి 6,000 అయింది.

ఆ 6,000 చూసుకొనే నేను సంఘంలో అప్పు తీసుకున్నాను. పాడి బర్రెను కొన్నాను. బర్రె ఎండిపోయిన నెలల్లో కూడా కంతు ఆగలేదు. పింఛనే కంతు కట్టింది.

తరువాత వాడి కాలు మెల్లగా బాగైంది. కర్ర వదిలేశాడు. ఆత్మకూరులో సెల్‌ఫోన్ల షాపులో పనికి కుదిరాడు. కన్నతల్లిని, సంతోషపడాల్సిందాన్ని. నాకు ముందు గుర్తొచ్చింది కంతు. సంఘంలో ఒకామెకు చెబితే, "నోరు మూసుకొని ఉండు అక్కా, అడిగినప్పుడు చూసుకుందాం" అంది. నేను అట్టనే ఉన్నాను.

ఒకటో తారీకు పొద్దున్నే సచివాలయం నుంచి పింఛను ఇచ్చేవాళ్లు వస్తారు గదా. వాళ్లు వచ్చే ముందు తలుపు మూల నుంచి కర్ర తీసి వాడి చేతికి ఇచ్చేదాన్ని. ఇయ్యమని నాకు ఎవరూ చెప్పలేదు. కొన్ని నెలలు అట్టా గడిచాయి. ఒకసారి వాడు కర్ర అందుకోలేదు. "అమ్మా, దేవుడు నా కాలు బాగుచేశాడు. నువ్వు నెలకోసారి నన్ను మళ్లీ కుంటోణ్ని చేస్తుండావు" అన్నాడు.

అక్కల్లారా, సంఘం పుస్తకాలు పదిహేనేళ్లుగా నా చేతిలో ఉన్నాయి. ఒక్క రూపాయి తేడా రానియ్యలేదు. కానీ ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

2025లో పింఛన్ల పునఃపరిశీలన మొదలైంది. మంచానికే పరిమితమైన వాళ్ల ఇళ్లకు డాక్టర్లు వచ్చారు. మిగతా వాళ్లను ఆసుపత్రికి రమ్మన్నారు. మా వాడు కర్ర లేకుండా పోయాడు. జరిగింది జరిగినట్టు డాక్టరుకు చెప్పాడు. శాతం 40 కన్నా తక్కువ వచ్చింది. పింఛను ఆగింది. రెండు కంతులు నేను కట్టలేకపోయాను. సంఘంలో తొమ్మిదిమంది నా బదులు తలా కొంత వేసి కట్టారు. వాళ్లలో ఒకామె కూలికి పోయే మనిషి.

తీసుకున్న డబ్బు తిరిగి కట్టమని నన్ను ఎవరూ అడగలేదు. అడగలేదు గాబట్టి తప్పు కాదని అనను. వికలాంగుల హక్కుల చట్టం 2016 ఉంది. అందులో 91వ సెక్షను ప్రకారం, వికలాంగుల కోసం ఉన్న సాయాన్ని మోసంతో తీసుకుంటే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఈ సంగతి నాకు తరువాత తెలిసింది.

నేను ముందే చెప్పి ఉంటే ఏమయ్యేది? పింఛను ఎట్టాగూ పోయేది. కానీ వాడి జీతం, పాలడబ్బులు చూసుకొని కంతు తగ్గించి కట్టుకుంటానని సంఘంలో అడిగేదాన్ని. మీరు కాదనే వాళ్లు కాదు. దాచినందువల్ల ఒకే రోజు పింఛనూ పోయింది, మాటా పోయింది.

ఇప్పుడు మనం ఎందుకు దాస్తామో కూడా చెప్పుకోవాలి. మనమేమీ దొంగలం కాదు. ఒకసారి పింఛను తెగితే మళ్లీ రావడం కష్టమని భయం. ఆఫీసుల చుట్టూ తిరిగితే కూలి పోతుందని భయం. రాష్ట్రం విడిపోక ముందు వికలాంగుల పింఛను 500 ఉండేది. అప్పుడు అది మందులకు సరిపోతే చాలనుకునేవాళ్లం. ఇప్పుడు 6,000 అంటే ఒక ఇంటి బియ్యం, కరెంటు బిల్లు, కంతు అన్నీ దాని మీదే ఉన్నాయి. భయం ఉట్టిది కాదు. కానీ ఆ భయం అర్హత ఉన్నవాళ్లను కూడా ముంచుతోంది. రెండు సంగతులు చెబుతాను.

మా పక్క ఊర్లో ఒకామె భర్తకు కాళ్లు సరిగా ఆడవు, పింఛను వస్తుంది. ఆయనకు జబ్బు ముదిరింది. లేచి కూర్చోవాలన్నా మనిషి సాయం కావాలి. పూర్తిగా మంచాన పడినవాళ్లకు 15,000 రూపాయల పింఛను ఉంది. ఆమె మాత్రం పరిస్థితి మారిందని ఎవరికీ చెప్పలేదు. "మళ్లీ పరీక్షకు పోతే ఉన్నది కూడా పీకేస్తారేమో" అంది. వైద్యం కోసం ఆయన్ను చెన్నైలో కూతురింటికి తీసుకుపోయింది. మూడు నెలలు వరసగా పింఛను తీసుకోలేదు. వలస పోయారని రాసి పింఛను ఆపేశారు. రోగం పెరిగింది, డబ్బు ఆగింది. తిరిగి వచ్చి అర్జీ పెట్టుకొని, ఆసుపత్రి కాగితాలు చూపించి తిరగాల్సి వచ్చింది. పోయే ముందు సచివాలయంలో ఒక్క మాట చెప్పి, ఒకటి రెండు నెలలకొకసారి వచ్చి తీసుకొని ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు. ఒక నెల తీసుకోకపోతే మరుసటి నెల రెండూ కలిపి ఇస్తారు. వరసగా మూడు నెలలు దాటనియ్యకూడదు.

ఇంకొకామెకు చిన్నప్పటి నుంచి పోలియో కాలు. 2025 ఆగస్టులో చాలామందికి వచ్చినట్టే ఆమెకూ నోటీసు వచ్చింది. ఆమె ఏడవలేదు, దాచలేదు. పాత సదరం సర్టిఫికెట్టు, నోటీసు, ఆధారు జిరాక్సులు తీసుకొని గడువులోపల ఎంపీడీవో ఆఫీసులో అప్పీలు ఇచ్చింది. తోడుగా గ్రామ సంఘం నుంచి ఇద్దరం పోయాం. మళ్లీ పరీక్ష చేయించుకుంది. పింఛను నిలబడింది. ఆమెను కాపాడింది సంచిలో పెట్టుకున్న కాగితాలు, గడువు మరిచిపోకపోవడం. డాక్టరు వేసిన శాతం తప్పనిపిస్తే అప్పీలు చేసుకునే హక్కు ఆ 2016 చట్టంలోనే ఉంది. అది దయ కాదు.

మరి ఏ ఏ మార్పులు చెప్పాలి? నాకు తెలిసినంతలో చెబుతాను. వీఓఏలు రాసుకోండి.

మొదటిది, శరీరంలో మార్పు. బాగైనా చెప్పాలి, ముదిరినా చెప్పాలి. ముదిరితే చెప్పకపోవడం వల్ల నష్టపోయేది మనమే.

రెండోది, కాగితం గడువు. మీ సదరం సర్టిఫికెట్ ఈ రోజే ఇంటికి పోయి తీసి చూడండి. శాశ్వతం అని ఉందా, తాత్కాలికం అని ఉందా? తాత్కాలికమైతే తేదీ చూడండి. తేదీ దాటే ముందే సచివాలయంలోనో మీసేవలోనో మళ్లీ సదరం స్లాటు పెట్టుకోండి.

మూడోది, ఊరు మారడం. మన రాష్ట్రంలోనే వేరే ఊర్లో కాపురం పెడితే పింఛను ఆ ఊరి సచివాలయానికి బదిలీ పెట్టుకోవచ్చు.

నాలుగోది, ఇంట్లో మార్పు. పిల్లోడికి ప్రభుత్వ ఉద్యోగం రావడం, కారు కొనడం, ఆదాయపు పన్ను కట్టడం, పల్లెల్లో ఇంటి ఆదాయం నెలకు 10,000 దాటడం, మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు దాటడం, కరెంటు నెలకు 300 యూనిట్లు దాటడం. ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. ఆటో, టాక్సీ, ట్రాక్టరుకు మినహాయింపు ఉంది. పెళ్లై వేరు కాపురం పెట్టిన కొడుకు ఇంకా మీ రైస్ కార్డులోనే ఉంటే వాడి ఉద్యోగం, వాడి కారు మీ ఇంటి లెక్కలో పడతాయి. కార్డులో వేరు చేయించుకోండి.

ఐదోది, చావు. చెప్పకూడని మాటే, కానీ చెప్పాలి. మనిషి పోతే 21 రోజుల్లోపల మరణం నమోదు చేయించండి. పింఛను తీసుకునే భర్త పోతే భార్యకు 4,000 రూపాయల వితంతు పింఛను ఇచ్చే ఏర్పాటు ఉంది. ఆ ధ్రువపత్రం ఆలస్యమైతే ఆమె పింఛనూ ఆలస్యమే.

చాలామంది నన్ను అడిగే మాట ఒకటుంది. "కుట్టుమిషను పెట్టుకుంటే పింఛను పోతుందా? సంఘంలో అప్పు తీసుకుంటే పోతుందా?" పోదు. డాక్టరు కొలిచేది శరీరాన్ని. నువ్వు కూర్చొని జాకెట్లు కుట్టినంత మాత్రాన పోలియో కాలు బాగైనట్టు కాదు. అప్పు ఆదాయం కాదు. ఇంటి ఆదాయం హద్దు దాటితేనే అది వేరే లెక్క. కాబట్టి పింఛను పోతుందని భయపడి పని మానుకోవద్దు. 60 ఏళ్లు దాటినవాళ్లకు శాతం తగ్గినా, మిగతా అర్హతలుంటే వృద్ధాప్య పింఛను 4,000 అడగొచ్చు.

ఇది మన ఒక్క ఊరి గొడవ కాదు. మన పిల్లలు పోయిన అమెరికాలో కూడా పేద వికలాంగులకు ఎస్‌ఎస్‌ఐ అనే సాయం ఉంది. అక్కడ జీతం, కాపురం, ఆరోగ్యం ఏది మారినా, ఆ నెల అయిపోయిన పది రోజుల్లోపల తెలపాలి. చెప్పకుండా ఎక్కువ తీసుకుంటే తిరిగి వసూలు చేస్తారు. అక్కడ బాధ్యత, గడువు రెండూ ముందే రాసి ఇస్తారు. మనకు అట్టా ఇంటింటికీ వచ్చి చెప్పేవాళ్లు లేరు. ఆ పని మన సంఘమే చెయ్యాలి.

ఎట్టా చెప్పాలంటే, నోటిమాటగా చెప్పొద్దు. తెల్లకాగితం మీద పేరు, పింఛను నంబరు, ఏ మార్పు వచ్చింది, ఏ తేదీ నుంచి అని నాలుగు లైన్లు రాసి గ్రామ సచివాలయంలో ఇవ్వండి. రెండో కాపీ మీద సంతకం, తేదీ వేయించుకోండి. పని జరగకపోతే సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఆ కాపీ పెట్టి అర్జీ ఇవ్వండి. మనం చెప్పామని చూపించేది ఆ కాపీనే.

మా గ్రామ సంఘంలో ఈ ఏడాది నుంచి ఒక నోటుపుస్తకం పెట్టాం. పింఛను వచ్చే ప్రతి ఇంటికీ ఒక పేజీ. సర్టిఫికెట్ శాశ్వతమా తాత్కాలికమా, గడువు ఎప్పుడు, ఈ నెల ఏమన్నా మారిందా అని నెల సమావేశంలో పొదుపు పిలిచినట్టే ఇదీ పిలుస్తాం. ఇంకో తీర్మానం కూడా చేశాం. అప్పు ఇచ్చేటప్పుడు పింఛను ఒక్కదాని మీదే కంతు నిలబెట్టకూడదు. ఇంట్లో ఒకరికి పింఛను ఆగితే, ఆమె వచ్చి చెప్పిన నెలలోనే కంతు కొత్తగా లెక్కవేయాలి. దాచుకొనే అవసరం మనమే లేకుండా చెయ్యాలి. ఈ రెండు పనులూ మండలంలో అన్ని గ్రామ సంఘాలూ చెయ్యాలని ఈ సభను కోరుతున్నాను.

మన జిల్లాలోనే, కలిగిరి దగ్గర దూబగుంటలో, ఆడవాళ్లు సారా వద్దని లేచారు. 1992 నాటి మాట. ఆ ఉద్యమం తరువాతే రోజుకు రూపాయి పొదుపు మన జిల్లాలో ఊరూరా మొదలైంది. మొగుడు తాగొచ్చి కొడితే అది ఇంటి గుట్టు అని దాచుకొన్నంత కాలం ఏమీ మారలేదు. పదిమందిలో చెప్పిన రోజే మారింది. మన సంఘాలు పుట్టిందే అట్టా చెప్పుకోవడంలో నుంచి.

మా ఇంట్లో ఆ కర్ర ఇప్పుడు లేదు. కాలు విరిగిన ఒక ముసలాయన అడిగితే మా వాడే ఇచ్చి వచ్చాడు. నాకు చెప్పకుండానే ఇచ్చాడు.

రెండు కంతులు నా బదులు కట్టిన తొమ్మిదిమంది అక్కలూ ఈ సభలోనే ఉన్నారు. వాళ్ల బాకీ తీర్చేశాను. అయినా మీ అందరి ముందర వాళ్లకు నమస్కారం పెట్టి సెలవు తీసుకుంటున్నాను.