60 దినముల లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నేను న్యాయవాదిని గాను. గ్రామపు లెక్కలు వ్రాయువాడను. శుభమా యని రజతోత్సవము జరుపుకొనుచుండగా జైలు ప్రసంగ మేల యని కొందఱు తలంపవచ్చును. కాని కేవలము దినముల లెక్కపై మనుష్యుని స్వేచ్ఛ నిలిచియున్న తావొకటి మన చట్టమున కలదు. దానిని గూర్చి లెక్కలవాడు మాటాడుట అనుచితము గాదు.

పోలీసువారు ఒకనిని నిర్బంధించినచో, ప్రయాణకాలము మినహా 24 గంటలలో మేజిస్ట్రేటు నెదుట నిలుపవలెను. దర్యాప్తు ముగియనిచో రిమాండు విధింతురు. అది యెంతకాలము సాగవచ్చును? 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో 15 దినములని యుండెను గాని, వేఱొక సెక్షను నాశ్రయించి వాయిదా వెంట వాయిదాగా నెలల తరబడి నిర్బంధించు వాడుక ప్రబలెను. గడువు పుస్తకములో నుండెను, మనుష్యుడు జైలులో నుండెను. 1973 నాటి కోడు 167వ సెక్షనులో దీనికి 60 దినముల హద్దు గీచిరి. 1978లో ఘోరనేరములకు 90 దినములు చేసిరి. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఇదియే 187వ సెక్షను. మరణశిక్ష, యావజ్జీవము, 10 ఏండ్లు లేక అంతకు మించిన ఖైదు విధింపదగు నేరములకు 90 దినములు, తక్కినవానికి 60. ఉగ్రవాద నిరోధము వంటి కొన్ని ప్రత్యేక చట్టములలో కోర్టు అనుమతితో 180 వఱకు పోవును. ఆలోగా ఛార్జిషీటు దాఖలు కానిచో, పూచీకత్తు ఇయ్య సిద్ధపడిన ముద్దాయిని బెయిలుపై విడువవలసినదే. నేరమెంత ఘోరమైనది, సాక్ష్యమెంత బలమైనది అను విచారణ అచట లేదు; పంచాంగము చూచిన చాలును. 2020లో సుప్రీంకోర్టు ఇది రాజ్యాంగము 21వ అధికరణములోని ప్రాథమిక హక్కులో భాగమని చెప్పినది. ఆ యేడాదే కరోనా కారణమున కోర్టు దాఖలాల గడువులు పొడిగింపబడినను, ఈ గడువు మాత్రము పొడిగింపబడలేదని తీర్పు వచ్చెను.

ఇక లెక్క యెచట మొదలిడవలెను? వడ్డీ కట్టునపుడు అప్పిచ్చిన దినమును కలుపవలెనా మానవలెనా యని మన అరుగులమీద ఎన్ని తగవులు చూడలేదు! అదే తగవు ఢిల్లీ దాక పోయినది. 1986లో మన ఆంధ్రదేశమునుండి వెళ్లిన యొక వ్యాజ్యమున, అరెస్టు దినము గాక రిమాండు దినమే మొదలని తేలెను. ఆ రిమాండు దినము లెక్కలో చేరునా చేరదా యన్నదానిపై తీర్పులు చాలకాలము రెండు దారుల పోయినవి. 2023 మార్చి 27న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము చేరునని తేల్చినది. అనగా జూన్ 1న రిమాండు చేసిన, జూలై 30తో 60 నిండును. ఆ దినము గడచువఱకు ఛార్జిషీటు రానిచో, జూలై 31న హక్కు పుట్టును.

ఒక్క దినమునకు ఇంత వాదమా యందురేమో. విరాటపర్వమున ఉత్తరగోగ్రహణవేళ అర్జునుడు బయల్పడగా, అజ్ఞాతవాసపు గడువు తీరలేదని దుర్యోధనుడు వాదించును. భీష్ముడు కౌరవసేనలో నిలిచియుండియు, 5 ఏండ్లకు 2 అధికమాసముల వంతున గణించి, గడువు తీరినదని కౌరవుల మొగముమీదనే చెప్పును. ఆ లెక్క తప్పియుండినచో పాండవులకు మరల వనవాసమే గదా!

ఈ హక్కులో ఒక చిక్కు కలదు. తనంత తాను తలుపు తెఱచునది గాదు, అడుగవలెను. 61వ దినమున అడుగక ఊరకుండి, 65వ దినమున ఛార్జిషీటు వచ్చిపడినచో, హక్కు అణగిపోవునని 1994లో రాజ్యాంగ ధర్మాసనము చెప్పినది. ముందు అడిగి, పూచీకత్తుకు సిద్ధముగా నున్నచో మాత్రము తరువాత వచ్చిన ఛార్జిషీటు దానిని చెఱుపజాలదు. 2017 నాటి తీర్పున నోటిమాటగా అడిగినను చాలునన్నారు. గడువు తీరినదని ముద్దాయికి మేజిస్ట్రేటే తెలుపవలెనని 1979లోనే, బీహారు జైళ్లలో మ్రగ్గుచున్న విచారణఖైదీల వ్యాజ్యమున, సుప్రీంకోర్టు ఆదేశించెను. అయినను, వకీలు గలవాడు దినము లెక్కించుకొనును; కూలివాని భార్యకు వాయిదా తేదీ తప్ప వేఱొక తేదీ యున్నదనియే తెలియదు. మఱియు జామీనుదారులు దొరకక, బెయిలు మంజూరైనను లోపలనే యుండువా రుందురు. నాకు మిక్కిలి బాధ కలిగించునది ఇదియే.

“హంతకుడు ఇట్లు బయటపడిన చచ్చినవాని ఇంటివారి గతి యేమి?” యని అడుగువారున్నారు. వారి దుఃఖము నిజమైనది. కాని బెయిలు విడుదల మాత్రమే, విమోచనము గాదు, కేసు నడచును. ఛార్జిషీటు వచ్చిన పిదప బలమైన ప్రత్యేక కారణములు కనబడినచో ఆ బెయిలును రద్దుపరుపవచ్చునని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పినది. ఆ యింటివారు నిలదీయవలసినది 90 దినములలో పని ముగింపని దర్యాప్తు అధికారిని.

కార్యవర్గమువారికి నా మనవి యొకటి. ఈ సంహిత తెలుగు ప్రతి నొకదానిని కొని, బీరువాలో తాళము వేయక, పత్రికల బల్లమీద నుంచుడు. మన యూరివాడెవడైన రిమాండుకు పోయినచో, ఆ యింటివారు తేదీతో ఇచటికి రావచ్చును. 60వ దినమేదో, 90వ దినమేదో కాగితముమీద వ్రాసి యిచ్చుటకు సాయంకాలములందు నేను ఇచటనే యుందును. ఆ కాగితము తీసికొని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోయినచో, రుసుము లేకయే వకీలును ఏర్పాటు చేయుదురు.