బిళ్ల కట్టకపోయినా లింఫోమా కావచ్చు
(చిక్కడపల్లిలో జరిగిన రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మెడలోనో, చంకలోనో, గజ్జల్లోనో బిళ్ల కట్టి తగ్గకపోతే మనం భయపడతాం. లింఫోమా అనే క్యాన్సర్ చాలాసార్లు అలాగే బయటపడుతుంది. కానీ అందులో నాన్ హాడ్జ్‌కిన్ రకం వచ్చిన వందమందిలో సుమారు 25 నుంచి 40 మందికి అది లింఫ్ గ్రంథుల బయటే మొదలవుతుంది.

ఎక్కువగా జీర్ణకోశంలో, అందులోనూ పొట్టలో వస్తుంది. చర్మం, టాన్సిల్స్, ముక్కు, థైరాయిడ్, ఎముక, మెదడు, వృషణాల్లోనూ రావచ్చు. ఎక్కడ పుడితే అక్కడి మామూలు జబ్బులా కనిపిస్తుంది. పొట్టలో వస్తే గ్యాస్ అనుకుంటాం, చర్మం మీద వస్తే తామర అనుకుంటాం. నెలల తరబడి గోళీలు మింగుతాం.

పొట్టలో నిదానంగా పెరిగే మాల్ట్ అనే రకానికి చాలామందిలో హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి కారణం. తొలిదశలో పట్టుకుంటే, ఆ సూక్ష్మజీవిని చంపే మందులతోనే ఎక్కువమందికి కణితి కరిగిపోతుంది. కాబట్టి పొట్ట నొప్పి తగ్గకపోయినా, బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వస్తున్నా ఎండోస్కోపీ చేయించుకోవాలి.

ఇంకో మాట. ముక్క తీసి పరీక్ష చేయకముందే ఊళ్లో స్టెరాయిడ్ సూదులు వేయించుకోవద్దు. గడ్డ తాత్కాలికంగా కరుగుతుంది, రోగం మాత్రం పరీక్షకు దొరకకుండా పోవచ్చు.

మందులు కొట్టే మనకు ఈ విషయం మరీ ముఖ్యం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2015లో లిండేన్‌ను క్యాన్సర్ కారకమని, అది నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమాకు దారితీస్తుందని తేల్చింది. మలాథియాన్, డయాజినాన్, గ్లైఫోసేట్‌లను బహుశా క్యాన్సర్ కారకాలన్న జాబితాలో చేర్చింది. మందు కొట్టిన ప్రతివారికీ ఈ రోగం వస్తుందని కాదు. కానీ చేతితొడుగులు, ముక్కుకు గుడ్డ లేకుండా, గాలికి ఎదురుగా కొట్టడం మానాలి.

రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలైంది. అయినా పరీక్షల కోసం పట్నం వచ్చిన రైతు ఎక్కడ ఉండాలి? అశోక్‌నగర్, నారాయణగూడల్లో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లల ఇరుకు గదుల్లోనే తలదాచుకోవాలా?

జిల్లా ఆసుపత్రుల్లోనే ఎండోస్కోపీ, బయాప్సీ జరగాలి. పట్నంలో రోగుల కుటుంబాలకు వసతి కల్పించాలి. రక్షణ తొడుగులు ఉచితంగా ఇవ్వాలి. వీటి కోసం ఊరూరా కదులుదాం.