సంచి సంగతి చూడకుండా కాఫీకి ధర అడగలేం

(కాఫీ రైతుల శిక్షణ తరగతిలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కాఫీ గురించి మీటింగు పెడితే మొక్క గురించి, నీడ చెట్ల గురించి, ధర గురించి మాట్లాడుకుంటాం. ఈ రోజు మేము సంచి గురించి మాట్లాడదామని వచ్చాం. ఇది చిన్న సంగతే కదా అని మీలో కొందరికి అనిపించవచ్చు. నవంబరు నుంచి జనవరి దాకా కొండెక్కి పండు పండుగా ఏరి, పల్పర్ తిప్పి, కడిగి, పట్టా మీద ఆరబోసి, మంచు పడుతుంటే సాయంత్రం మూటగట్టి, పొద్దున మళ్లీ పరిచి తయారుచేసిన సరుకు మనది. దాన్ని చివరికి పోసేది యూరియా సంచిలోనా, మిరియాలు పోసిన సంచిలోనా, శుభ్రమైన గోనెలోనా అన్నదాన్ని బట్టి ఆ కష్టానికి విలువ వస్తుంది, లేదా పోతుంది.

అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ప్యారిస్‌లో 2017 నుంచి అరకు పేరుతోనే కాఫీ దుకాణం నడుస్తోంది. పేరు పెద్దదైంది. పేరుతోపాటు పరీక్షలు కూడా పెరిగాయి. కొనేవాడు గింజను చేత్తో చూసి వదిలేయడం లేదు. వేయించి, నీళ్లలో కలిపి, రుచి చూసి మరీ ధర కడుతున్నాడు. బూజు వాసన, పొగ వాసన, మందు వాసన అక్కడ దాగవు.

ముందు ఒక విషయం స్పష్టం చేసుకుందాం. కాఫీ మన చేతిలో మూడు రూపాల్లో ఉంటుంది. పండుతోనే ఎండబెట్టిన చెర్రీ, తొక్క తీసి కడిగి ఎండబెట్టిన పార్చ్‌మెంట్, పొట్టు కూడా తీసిన క్లీన్ గింజ. పార్చ్‌మెంట్ పొట్టు గింజకు సహజంగా ఉన్న కవచం. ఆ పొట్టు తీసేశాక గింజ గాలికి, తేమకు తొందరగా రంగు మారుతుంది, తెల్లబారుతుంది. అందుకే అమ్మే రోజు దగ్గరపడే దాకా పొట్టు తీయించకండి. ఏ సంచీ ఆ పొట్టుకు సాటి రాదు. వేయించిన గింజ నాలుగో రూపం. దాని లెక్క పూర్తిగా వేరు, దాని గురించి తర్వాత చెబుతాం.

ఇక తేమ. పార్చ్‌మెంట్ 10 శాతం తేమకు, అరబికా చెర్రీ పదిన్నర శాతానికి ఎండాలని కాఫీ బోర్డు చెబుతుంది. ఎగుమతయ్యే కాఫీలో తేమ 8 శాతానికి తగ్గకూడదని, 12.5 శాతం దాటకూడదని అంతర్జాతీయ కాఫీ సంస్థ హద్దు పెట్టింది. తేమ కొలిచే మిషను అందరి ఇళ్లలో ఉండదు. ఒక పని చేయొచ్చు. ఒకే డబ్బాతో సమానంగా కొలిచి, రెండు రోజులు వరుసగా తూకం వేయండి. రెండో రోజు తూకం తగ్గకుండా నిలిస్తే ఎండినట్టు. తగ్గుతుంటే ఇంకా ఎండాలి. ఎండని సరుకును ఎంత ఖరీదైన సంచిలో పోసినా లాభం లేదు. గాలి ఆడని సంచిలో అయితే ఇంకా తొందరగా ఉక్కబట్టి బూజు పడుతుంది.

డబ్బు లెక్కలో చూద్దాం. 10 శాతం తేమ ఉన్న 100 కిలోల పార్చ్‌మెంట్‌లో అసలు సరుకు 90 కిలోలు, నీళ్లు 10 కిలోలు. వానాకాలంలో గోనె సంచి తేమ పీల్చి అది 14 శాతానికి పోయిందనుకోండి, తూకం దాదాపు 104 కిలోల 600 గ్రాములు అవుతుంది. నాలుగున్నర కిలోలు కలిసొచ్చిందని సంబరపడేవాళ్లున్నారు. కొనేవాడు ఆ తేమకు తరుగు తీస్తాడు, పైగా నాణ్యత పోయిందని ధర కూడా తగ్గిస్తాడు. బూజు నుంచి ఓక్రాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది వేయించినా పూర్తిగా పోదు. యూరప్ దేశాలు దానికి హద్దు పెట్టి, దాటిన సరుకును తిప్పి పంపుతాయి. అటువైపు లెక్క కూడా చెప్పుకోవాలి. భయపడి మరీ ఎక్కువ ఎండబెట్టి 8 శాతానికి తెస్తే అదే 100 కిలోలు 97 కిలోల 800 గ్రాములే తూగుతుంది. రెండు కిలోలు గాలికి పోయినట్టే, గింజ కూడా పొట్టు తీసేటప్పుడు విరుగుతుంది.

ఇక్కడ ఒకరు అడగొచ్చు: మంగళూరు వైపు కాఫీని కావాలనే వానగాలికి పెట్టి ‘మాన్‌సూన్డ్ మలబార్’ అని ఎక్కువ ధరకు అమ్ముతారు కదా అని. నిజమే. అది సముద్రపు గాలిలో, గిడ్డంగిలో పరిచి, తిరగేసి, సంచులు మార్చి చేసే ప్రత్యేకమైన పని. మన ఇంటి మూలలో తడిసిన గోనెకు, దానికి సంబంధం లేదు.

మన ప్రాంతంలో తేమ కన్నా ఎక్కువ నష్టం వాసన వల్ల జరుగుతోందని మా అభిప్రాయం. కాఫీ గింజ పక్కన ఏముంటే దాని వాసన పట్టేస్తుంది. మన తోటల్లో సిల్వర్ ఓక్ చెట్ల మీద మిరియం తీగలుంటాయి, మెట్ట చేలో పసుపు వేస్తాం. కాఫీ, మిరియం, పసుపు మూడూ ఇంట్లో ఒకే మూలన పెడతాం. మిరియాలు దింపిన సంచి ఖాళీగా ఉంది కదా అని దాన్నే కాఫీకి వాడతాం. పొయ్యి మీదుగా అటక ఉంటే వెచ్చగా ఉంటుందని దాని మీద పెడతాం. మిగతా ధాన్యానికి అటక మంచిదే, పొగకు పురుగు పట్టదు. కాఫీకి మాత్రం ఆ పొగే శత్రువు. ఇక యూరియా, పురుగుమందు సంచులు ఎంత ఉతికినా వాడొద్దు. అది రుచి విషయం మాత్రమే కాదు, తాగేవాళ్ల ఆరోగ్యం విషయం. సేంద్రియ పద్ధతిలో పండించామని చెప్పి అమ్ముకునేవాళ్లకైతే ఆ ఒక్క సంచితో మొత్తం లాటు తిరస్కరించే ప్రమాదం ఉంది.

మరి ఏ సంచి మంచిది?

గోనె సంచిలో గాలి ఆడుతుంది, దొంతి పెడితే జారదు, దబ్బనంతో కుట్టుకోవచ్చు, తడవకపోతే ఏళ్లు వస్తుంది. ప్రపంచంలో కాఫీ వ్యాపారం 60 కిలోల గోనె సంచి లెక్క మీదే నడిచింది. దాని లోపం ఒక్కటే, గాలిలో తేమను తాను పీల్చి గింజకు ఇస్తుంది. కొనేటప్పుడు ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. జనుము నారను మెత్తబరచడానికి మిల్లుల్లో నూనె కలుపుతారు. కొన్నిటికి ఖనిజ నూనె వాడతారు, వాటికి కిరసనాయిలు వాసన వస్తుంది. ఆహార పదార్థాలకని తయారుచేసే సంచులకు తవుడు నూనె లాంటి మొక్కల నూనె వాడతారు. కాఫీకి అవే కావాలి. అడిగి కొనండి.

ప్లాస్టిక్ అల్లిక సంచి చవక, తేలిక. కొత్తదైతే నాలుగు రోజులు సరుకు మోయడానికి పనికొస్తుంది. నెలల తరబడి నిల్వకు మాత్రం మేము దాన్ని సిఫారసు చేయం. దొంతిలో జారుతుంది, ఎండకు పిగిలిపోయి పోగులు సరుకులో కలుస్తాయి.

మూడోది, గోనె లోపల పెట్టే గాలి చొరబడని లైనర్ సంచి. చాలా పొరల ప్లాస్టిక్‌తో చేస్తారు. లోపలికి తేమ రాదు, గాలి రాదు. లోపల ఉన్న కొద్ది గాలిలో ప్రాణవాయువు అయిపోగానే పురుగు కూడా చస్తుంది. మంచి ధర పలికే ప్రత్యేక లాట్లను వానాకాలం దాటించాలంటే ఇదే సరైనది. నిబంధన ఒకటే, సరుకు బాగా ఎండి, చల్లారాక పోయాలి. మూతి మెలిపెట్టి, మడిచి, పురికొసతో గట్టిగా కట్టాలి. చిన్న చిల్లు పడినా అది మామూలు కవరుతో సమానం. అందుకే పార్చ్‌మెంట్ మొనలు, గోరు, కొక్కెం తగలకుండా చూసుకోవాలి. హమాలీలు కొక్కెం వేయకుండా ముందే చెప్పాలి. ధర ఎక్కువ కాబట్టి అన్ని సరుకులకూ వద్దు. జనవరిలో పోసి ఫిబ్రవరిలో అమ్మేసేవారికి మంచి గోనె చాలు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. 2025లో అరకు ప్రాంతంలో కాయ తొలిచే పురుగు, అంటే బెర్రీ బోరర్ కనబడింది. మన దేశంలో దాన్ని మొదట 1990లో నీలగిరి జిల్లా గూడలూరు వైపు చూశారు. మన కొండలకు అది ఇన్నేళ్లు రాలేదు. ఆ పురుగు తనంత తాను ఎంతో దూరం పోలేదు. పురుగు పట్టిన కాయతో పోతుంది, ఆ కాయ మోసిన సంచితో పోతుంది. వ్యాపారి ఒక ఊళ్లో సరుకు దించి, అదే సంచి మన ఊరికి తెస్తే చాలు. కాబట్టి పాత సంచి చవకగా వస్తోందని తీసుకోవద్దు. సొంత సంచి అయినా కోతకు ముందు తిరగేసి దులిపి, మరిగే నీళ్లలో ముంచి, ఎండలో బాగా ఆరబెట్టండి. సంచి అడుగున, కుట్లలో ఇరుక్కున్న పాత గింజలు ఏరి కాల్చేయండి. బాగా ఎండిన గింజలో ఆ పురుగు సంతతి పెంచుకోలేదు. తేమ గురించి అంతగా చెప్పడానికి ఇది ఇంకో కారణం.

నిల్వ గురించి రెండు మాటలు. సంచిని మట్టి నేల మీద గాని, సిమెంటు గచ్చు మీద గాని నేరుగా పెట్టొద్దు. దుంగలు గాని చెక్కలు గాని వేసి వాటి మీద పెట్టండి. గోడకు మూరెడు దూరం ఉంచండి. రేకుల ఇల్లయితే మధ్యాహ్నం వేడికి సరుకు చెమరుస్తుంది, కాబట్టి పైకప్పు దాకా పేర్చొద్దు.

వేయించిన గింజల సంగతికి వద్దాం. ఇప్పుడు మహిళా సంఘాలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు సొంతంగా వేయించి ప్యాకెట్లు కట్టి అమ్ముతున్నాయి. మంచి ప్రయత్నం. అక్కడ శత్రువులు నలుగురు: గాలి, తేమ, వెలుతురు, వేడి. దీనికితోడు వేయించిన గింజ కొన్ని రోజులపాటు లోపలి నుంచి బొగ్గుపులుసు వాయువు వదులుతూనే ఉంటుంది. వెంటనే గట్టిగా సీలు వేస్తే ప్యాకెట్ ఉబ్బి పగులుతుంది. పగలకుండా రోజుల తరబడి తెరిచి ఉంచితే పరిమళం పోతుంది. ఈ చిక్కుకు పరిష్కారమే ప్యాకెట్ మీద కనబడే చిన్న గుండ్రటి వాల్వ్. లోపలి వాయువును బయటికి వదులుతుంది, బయటి గాలిని లోపలికి రానివ్వదు.

గోధుమరంగు కాగితం సంచి చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. పట్నంవాళ్లకు పల్లె సరుకులా కనబడుతుందని డిజైన్ చేసేవాళ్లు అదే చూపిస్తారు. ఒట్టి కాగితం గాలినీ ఆపదు, తేమనూ ఆపదు. గింజలు కనబడేలా ముందు కిటికీ పెట్టిస్తే వెలుతురు కూడా చేరుతుంది. పైన కాగితం ఉన్నా ఫరవాలేదు, మధ్యలో అల్యూమినియం రేకు పొర, లోపల పాలిథిన్ పొర ఉండాలి. పరీక్ష తేలిక. ఖాళీ సంచిలోకి టార్చి పెట్టి చీకట్లో వెలిగించండి. నిజమైన రేకు పొర ఉంటే వెలుతురు కనబడదు. రేకులా మెరిసే పూత మాత్రమే ఉంటే దీపం మసకగా కనబడుతుంది. అది రేకుకన్నా తక్కువ రకం, తొందరగా అమ్ముడుపోయే సరుకుకు సరిపోతుంది. సీలు పరీక్షకు ఖాళీ సంచిలో గాలి నింపి అతికించి, వాల్వ్ మీద వేలు పెట్టి, నీళ్లలో ముంచి మెల్లగా నొక్కండి. బుడగలు వస్తే మీ సీలింగ్ మిషను వేడి సరిపోలేదని అర్థం. పొడి, గింజ కన్నా చాలా తొందరగా చప్పబడుతుంది. ఆర్డరు వచ్చాకే పొడి కొట్టండి, అరకిలో ప్యాకెట్ల కన్నా చిన్నవే కట్టండి.

ప్యాకెట్ మీద ఎవరు కట్టారు, చిరునామా, నికర తూకం, నెల, సంవత్సరం, గరిష్ఠ ధర, ఫిర్యాదుకు ఫోన్ నంబరు, ఆహార భద్రత సంస్థ నంబరు ఉండాలి. చికోరి కలిపితే ఎంత కలిపారో రాయాలి, అందులో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. వేయించిన తేదీ కూడా రాయమని మా సలహా. చట్టం అడగకపోయినా తెలిసినవాడు ముందు అదే చూస్తాడు.

చివరిగా సంచి తరుగు. 50 కిలోల ధాన్యం పట్టే కొత్త గోనె సంచి బరువు దాదాపు 580 గ్రాములు. ప్లాస్టిక్ సంచి అందులో నాలుగో వంతు కూడా ఉండదు. సంతలో చాలాచోట్ల ఏ సంచికైనా కిలో తరుగు అంటున్నారు. గోనెకు కిలో తీస్తే సంచికి 420 గ్రాములు మనవి పోయినట్టే. ఇరవై సంచులకు ఎనిమిది కిలోల పైమాట. ప్లాస్టిక్ సంచి అయితే అది రెట్టింపవుతుంది. ఖాళీ సంచి కాటా మీద పెట్టి చూపించమని ప్రతి ఒక్కరూ అడగాలి. ఒక్కరు అడిగితే కసురుకుంటారు, ఊరంతా అడిగితే తూస్తారు.

ఇంకో అన్యాయం ఉంది. నాణ్యత కావాలని కొనేవాడు అడుగుతాడు, ఆ నాణ్యత కాపాడే సంచి ఖర్చు మాత్రం గిరిజన రైతు మీద వేస్తాడు. కొనుగోలు చేసే సంస్థలు, జీసీసీ అయినా ప్రైవేటు కంపెనీలైనా, ఆహార రకం గోనె సంచులను కోతకు ముందే, అంటే అక్టోబరు నెలాఖరులోగా ఊళ్లకు చేర్చాలని మనం అడుగుతున్నాం. లైనర్ సంచులకు ఐటీడీఏ రాయితీ ఇవ్వాలని, ప్రతి పంచాయతీకి ఒక తేమ మిషను, ఒక సరైన కాటా పెట్టాలని కూడా వినతిపత్రంలో రాశాం. దాంతోపాటు ఏ ఊరికి ఎన్ని సంచులు కావాలో లెక్క జత చేయాలి. బయట బల్ల దగ్గర పుస్తకం పెట్టాం. భోజనానికి వెళ్లే ముందు మీ ఊరి పేరు, నిరుడు పోసిన సంచులెన్ని, అందులో గోనెలెన్ని, ప్లాస్టిక్‌వి ఎన్ని, సంచికి ఎంత తరుగు తీశారు, ఈ ఐదూ రాయించి వెళ్లండి.